ట్రైలర్‌కి తూర్పు వాకిలి

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి తెలుసు, ఆ రోజు తను పక్కనే ఉంది కాబట్టి. మా మావయ్యకి తెలుసు. చెప్పాలంటే ముందు తలుపు గొడవ చెప్పాలి.

బర్మాలో, లమ్మడా అనే పేటలో మాకు ఇనప సామాన్ల కొట్టు ఉంది, తాతల నాటిది. నలభై దాటాక నాకు జీపుల పిచ్చి పట్టింది. కొట్టుకి వచ్చే బర్మా మిత్రులు నలుగురు, అందరికీ పెద్ద బళ్ళున్నాయి. సెలవు దొరికితే చాలు, బురద దారుల్లో పడి కొండలకో సముద్రానికో పోయి గుడారాలు వేసుకుంటారు. వాళ్ళతో తిరగడం నాకు గొప్పగా ఉండేది. వాళ్ళలో ఒకాయన జీపు వెనక తగిలించుకునే క్యాంపింగ్ ట్రైలర్ కొన్నాడు. నాకు కన్ను కుట్టింది. అలాంటిది నా చేతుల్తో నేనే తయారు చేస్తానని అందరిముందు కోతలు కోశాను.

నా చేతులకి కొలవడం, తూయడం తప్ప ఏమీ రాదు. చేసింది మావయ్య. అమ్మకి సొంత అన్న. ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు అక్కడి క్వార్టర్స్ దగ్గర నాకు సైకిల్ నేర్పింది కూడా ఆయనే. బోటాటౌంగ్‌లో మా గోడౌన్ పెరట్లో సామాన్లు మోసే పాత ట్రైలర్ ఒకటి తుప్పు పట్టి పడి ఉంటే, దాన్ని బాగుచేయడానికి రోజూ రెండు బస్సులు మారి వచ్చేవాడు. ఇరుసు కింద ఉన్న కమాను కట్టల్ని, అంటే స్ప్రింగు పట్టీల్ని, విప్పి ఇరుసు మీదకి ఎక్కించాడు. బండి జానెడు పైకి లేచింది, ఇక రాళ్ళు తగలవు. నీళ్ళ ట్యాంకు వెనక పెడదామంటే ఒప్పుకోలేదు. బరువు ముందుంటేనే బండి తోక ఊపదని చక్రాలకి ముందు బిగించాడు. రేకుతో గది కట్టాడు. లాగితే బయటికి వచ్చే వంటబల్ల అమర్చాడు. నేను స్టూలు మీద కూర్చుని ఫోనులో ఫొటోలు తీసి మిత్రులకి పంపేవాణ్ణి, అంతా నేనే చేస్తున్నట్టు.

ఒక్క తలుపు విషయంలో నా మాట నెగ్గింది. పెరట్లో ట్రైలర్ మూతి దక్షిణానికి ఉండేది, అంటే ఎడమ పక్క తూర్పు. అందులో పడుకుంటాం, పొయ్యి వెలిగిస్తాం, కాబట్టి అది ఇల్లే, వాకిలి తూర్పుకే ఉండాలన్నాను. కొట్టుకీ గోడౌనుకీ వాస్తు చూసిన బుర్ర ట్రైలర్‌ని మాత్రం వదుల్తుందా?

“బండికి తూరుపేటి అల్లుడా? అది తిరుగుద్ది కదేటి,” అన్నాడు మావయ్య. నేను పట్టు వదల్లేదు. “ఈ దేశంలో బళ్ళు రోడ్డుకి కుడిపక్కన ఎల్తాయి. ఎడంపక్క తలుపెడితే ఆడోళ్ళు లారీలకి ఎదురుగా దిగాల. కుడిపక్కనెడితే గట్టుమీదకి దిగుతారు,” అన్నాడాయన.

“నీకు తెలీదులే మావయ్యా,” అన్నాను.

ఆయన సుద్దముక్క తీసి ఎడమ పక్కన గీత గీశాడు. వంటబల్ల కూడా అటే వచ్చింది.

మొదటి ప్రయాణం రోజు పొద్దున్నే మావయ్య వచ్చి బండికి పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. మిత్రులు వచ్చేలోపు అయిపోవాలని నేను తొందరపెట్టాను. వాళ్ళ జీపుల చప్పుడు వినగానే నలిగిన నిమ్మకాయల్ని చెప్పుతో పక్కకి తోసేశాను. ఆయన చూశాడు. కమాన్లు దారిలో ఎలా పనిచేస్తాయో చూడాలని ఆయన, తోడుగా ఉంటాడని అమ్మ పట్టుబట్టడంతో, పాత ఖాకీ చొక్కాతోనే మా జీపు ఎక్కాడు.

సముద్రం దారిలో టీ కోసం ఆగాం. కుడి పక్క కాలువ, ఎడమ పక్క రోడ్డు. నా భార్య వంటబల్ల లాగబోతుంటే లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ చీర అంచు తగిలేంత దగ్గరగా పోయింది. మావయ్య చేయి పట్టి తనని వెనక్కి లాగాడు. తర్వాత సంచిలోంచి ఎర్ర తువ్వాలు తీసి, రోడ్డు మీదకి పోయి, రైలుకి జెండా చూపినట్టు వచ్చే బళ్ళకి చూపుతూ నిలబడ్డాడు. మేము టీ తాగినంతసేపూ అలాగే ఎండలో నిలబడ్డాడు.

మిత్రులకి నవ్వొచ్చింది. “ఎవరాయన?” అని ఒకాయన అడిగాడు.

“వెల్డరు,” అన్నాను. “పనికోసం తెచ్చుకున్నాను.”

మావయ్య ఐదడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన బర్మా భాష నాకంటే మెరుగు. తువ్వాలు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు, అంతే. నా భార్య నా మొహంకేసి చూసింది. నేను టీ గ్లాసులోకి చూశాను.

సముద్రం దగ్గర అందరం చాపల మీద భోజనానికి కూర్చున్నాం. మావయ్య నీళ్ళ సీసాలు తెచ్చి నా ముందు పెట్టి, “సయా, ఇంకేమన్నా కావాలా?” అని బర్మా భాషలో అడిగాడు. పనివాళ్ళు యజమానిని పిలిచే పిలుపు అది. నా భార్య లేచి, “మావయ్యా, మీరూ రండి,” అంది. “ఒగ్గీమ్మా, ఈ పూటకిలా కానీ,” అని చిన్నగా చెప్పి, డ్రైవర్ల దగ్గరికి పోయి తిన్నాడు. లేచి ఆయన పక్కన కూర్చోవడానికి పదడుగులు కూడా లేవు. నేను లేవలేదు.

తిరిగొచ్చాక నెల దాకా ఇన్సేన్ వైపు వెళ్ళలేదు. చివరికి ఒక ఆదివారం రైలెక్కి వెళ్ళాను. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. గుమ్మంలో ఆయన్ని చూడగానే, “తలుపు కుడి పక్కకి మార్చాలి మావయ్యా,” అన్నాను. “వస్తాలే,” అన్నాడు. అల్లుడా అనలేదు.

మూడు రోజులు పనిచేశాడు. కుడి పక్క కొత్తగా కోసి తలుపు పెట్టాడు, వంటబల్ల అటు తిప్పాడు. పాత తలుపు మూసి, అతుకు కనబడకుండా నున్నగా అరగదీసి రంగు వేశాడు. ఆ చివరి రోజున, రోడ్డు మీద ఎవరని అడిగిన మిత్రుడే మార్పులు చూడ్డానికి పెరట్లోకి వచ్చాడు. ఇదే సమయమని గుండె చిక్కబట్టుకున్నాను.

“ఆ రోజు తప్పు చెప్పాను,” అన్నాను బర్మా భాషలో. “ఈయన మా మావయ్య. మా అమ్మకి సొంత అన్న.”

మావయ్య చేతులు తుడుచుకుంటూ మిత్రుడికేసి చూసి నవ్వాడు. “సయా మంచి మనిషి,” అన్నాడు. “పనివాళ్ళని కూడా ఇంట్లో వాళ్ళలాగే చెప్పుకుంటాడు.”

మిత్రుడు నా భుజం తట్టి, అలాంటి యజమానులు ఈ రోజుల్లో దొరకరని మెచ్చుకున్నాడు.

నేను మళ్ళీ కాదనలేదు.