అత్తవారింటికి వెళ్ళేముందు అక్కతో చీరాల

భూటాన్‌లో స్థిరపడాలని ఉంది, అక్కడ సంప్రదాయాలు ఇంకా బతికే ఉన్నాయట కదా, ఎలా వెళ్ళాలి, ఎంతవుతుంది అని ఈ మధ్య నాకు మెయిళ్ళు రాసేవాళ్ళు ఎక్కువయ్యారు. దారి చెబుతాను. కానీ నా వరకు ఆ దేశానికి అసలు ప్రయాణం గుంటూరులో మొదలై, చీరాల మీదుగా, పర్చూరు అవతల మా అక్క వాళ్ళ మిరప కళ్ళంలో తేలింది. ఇది 2004 జనవరి ఆఖరు మాట. అప్పటికి నేను పారో లోయలో ఒక బడిలో లెక్కలు చెప్పబట్టి నాలుగేళ్ళు. అంతకుముందు గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో తెల్లారి ఐదింటి నుంచి గొంతు చించుకునేవాణ్ణి. పేపర్లో ప్రకటన చూసి, ఈ ఎండా ఈ గోలా తప్పితే చాలనుకుని వెళ్ళిపోయాను. వెళ్ళిన ఏడాదే, చలి మొదలయ్యే ముందు, అక్కడ ఇళ్ళ కప్పుల మీద ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉండటం చూసి రోడ్డు మీదే నిలబడి ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో ఎవరికీ చెప్పుకునే వీల్లేదు, తెలుగు తెలిసినవాళ్ళు చుట్టుపక్కల లేరు.

ఆ బడిలోనే చిన్న తరగతులకు చెప్పే సోనమ్‌తో పరిచయమైంది. పెళ్ళి చేసుకుంటామని అక్కకి ఫోన్లో చెప్పినప్పుడు ఆవిడ ఎక్కడ బెంగపెట్టుకుంటుందోనని, "వాళ్ళు మనకంటే సంప్రదాయం ఎక్కువ పాటిస్తారక్కా, బడికి కూడా వాళ్ళ దేశపు బట్టలే కట్టుకెళ్ళాలి, పెద్దలంటే ఎంత మర్యాదో" అని ఊదరగొట్టాను. ఒక్క ముక్క మాత్రం మింగేశాను. సోనమ్ వాళ్ళ వైపు ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వస్తాయి. పెళ్ళయితే పిల్ల కదలదు, మగవాడే మూట సర్దుకుని అత్తగారింటికి వెళ్ళాలి. సంప్రదాయం ఎక్కువ అనగానే అక్క తనకు తెలిసిన సంప్రదాయమే అనుకుంది. పిల్లను తీసుకుని తిరిగొచ్చి నేను బ్రాడీపేటలో కాపురం పెడతాననుకుంది. అమ్మా నాన్నా లేరు కాబట్టి గృహప్రవేశం తన ఇంట్లోనే అని తేల్చేసింది. నెల తిరక్కుండా జాబు వచ్చింది. "ముందుగదికి సున్నం కొట్టించాం. మరదలికి చీర చీరాలలో నేనే దగ్గరుండి తీసుకుంటాను. నువ్వు రా" అని రాసింది. పిల్ల రాదు, నేనే పోతున్నాను అని తన మొహం చూసి చెప్పడానికి బయల్దేరాను. నాకు పదేళ్ళప్పుడు అమ్మ పోతే నన్ను పెంచింది అక్కే. ఆవిడ వద్దంటే వెళ్ళగలనా అన్నది నాకే తెలియదు.

పారో నుంచి సరిహద్దు ఊరు ఫుంత్‌షోలింగ్ దాకా బస్సు, అక్కణ్ణుంచి సిలిగురికి జీపు, న్యూ జల్పాయిగురిలో గౌహతి నుంచి దక్షిణాదికి వచ్చే రైలు. స్లీపర్లో అప్పట్లో నాలుగువందల చిల్లర. విజయవాడలో దిగితే చీరాలకు నేరుగా రైళ్ళున్నాయి, గంటన్నరలో చేరిపోవచ్చు. మీరు అదే ఎక్కండి. నేను మాత్రం గుంటూరు పాసింజరెక్కాను, ధైర్యం కూడగట్టుకోవడానికి మధ్యలో ఇంకో ఊరు కావాలి కాబట్టి. పొద్దున ఏడింటికి బ్రాడీపేటలో ఉన్నాను. ఒకప్పుడు రోజూ తిన్న చిన్న హోటల్లోనే కూర్చున్నాను. నాలుగు ఇడ్లీ ఎనిమిది రూపాయలు, కారప్పొడి మీద నెయ్యి అడక్కుండానే వేస్తారు. వంటాయన గరిటె పట్టుకుని బయటికొచ్చి పోల్చుకున్నాడు.

"ఏం మాస్టారూ, ఇన్నాళ్ళకి కనిపించారు! ఇలా చిక్కిపోయారేంటండీ? అక్కడ తిండి దొరకదా?"

"దొరుకుతుందండీ. ఎర్రన్నం, అందులోకి మిరపకాయల కూర. పోపులో వేసుకునే మిరపకాయలు కాదు, కూర మొత్తం అవే."

"మిరపకాయలే కూరా? అయితే మనవాళ్ళేనండీ!" అని తెగ సంబరపడ్డాడు. "మరిక వచ్చేసినట్టేనా?"

ఇంకో ఇడ్లీ వేయమన్నాను. ఆ మాట దాటేయడానికి అంతకంటే మంచి ఉపాయం తోచలేదు.

ఎనిమిదిన్నరకి చీరాల బస్సు. పొన్నూరు, బాపట్ల మీదుగా రెండు గంటలు, టికెట్ ఇరవై ఏడు రూపాయలు. కిటికీ పక్కన కూర్చుని ఒక్క నిమిషం కూడా కునుకు తియ్యలేదు. ముందు సీట్లో ఇద్దరాడవాళ్ళు ఎవరి పెళ్ళిలోనో వంటలు బాగాలేవని గొంతెత్తి తిట్టుకుంటుంటే ఆ తిట్లు కూడా తియ్యగా వినిపించాయి. నాలుగేళ్ళు చుట్టూ తెలుగు వినిపించకపోతే మీకూ అలాగే ఉంటుంది.

చీరాల బస్టాండులో అక్క గొడుగేసుకుని నిలబడి ఉంది. తొమ్మిదింటి నుంచీ అక్కడే ఉందట. దిగీ దిగగానే నా చెంపలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏరా, మొహం ఇలా పగిలిపోయిందేం? అక్కడ కొబ్బరినూనె కూడా దొరకదా? ఆ పిల్ల చూసుకోదా నిన్ను?" అంటూనే ఆటో పిలిచింది. పదిహేను రూపాయలకు మగ్గాల వీధిలో దింపాడు. కొట్లో కాకుండా నేసేవాళ్ళ ఇంట్లోనే కొనాలని అక్క పట్టు. ఆ ఇంటావిడ మగ్గం మీంచి లేచొచ్చి చాప పరిచి చీరలు దించింది. అక్క ఒక్కోటీ భుజాన వేసుకుని చూసుకుంటోంది.

"పిల్ల పొడగరా? నా అంత ఉంటుందా?" అని అడిగింది నన్ను.

"నీకంటే కొంచెం పొడుగు."

"తెలుపని చెప్పావు కదా. అయితే ఎరుపు నప్పుతుంది. పచ్చంచుది తియ్యండమ్మా."

"గృహప్రవేశం ఎప్పుడండీ?" అంది నేతావిడ చీర విప్పుతూ.

"ఫాల్గుణంలో చూస్తున్నామండీ. అమ్మ లేదు కదా, అన్నీ నేనే చూసుకోవాలి" అంది అక్క. ఆ మాటలో ఎంత ఆనందం ఉందో చెప్పలేను. చెప్పేయాల్సింది అప్పుడే. పచ్చంచు బాగుందన్నాను. ఆరువందల యాభై అక్కే ఇచ్చింది, నన్ను జేబులో చెయ్యి పెట్టనివ్వలేదు. ఇంతకంటే పిరికివాడు ఆ రోజు చీరాలలో ఇంకొకడు లేడు.

భోంచేశాక, పొలాల పనుల్లో పడి సముద్రం చూసి మూడేళ్ళయిందని అక్కే వాడరేవు వెళ్దామంది. ఏడు కిలోమీటర్లు ఉంటుంది. ఆటోకి అరవై, గంట ఆగితే ఇంకో ఇరవై. డ్రైవరు దారంతా ఎండుచేపల ధరలు చెబుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం రెండింటికి ఒడ్డున జనం లేరు. పడవలు ఇసకలోకి లాగి ఉన్నాయి, వాటి పక్కనే చేపలు ఎండుతున్నాయి. అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలో కాళ్ళు తడుపుకుంది. చీర పొట్లం నా చేతిలో ఉంది. ఇక ఆగితే ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"అక్కా, సోనమ్ ఇక్కడికి రాదు. వాళ్ళలో ఆడపిల్ల పుట్టింట్లోనే ఉంటుంది. నేనే అక్కడికి పోవాలి. ఇక అక్కడే ఉంటాను."

ఒక అల వచ్చి వెళ్ళింది. అక్క నీళ్ళలోంచి కదల్లేదు.

"ఇల్లరికమా?"

"వాళ్ళు ఆ పేరు పెట్టరక్కా. వాళ్ళ పద్ధతే అది."

"నీ ఇల్లే నా పుట్టిల్లు అనుకున్నాను కదరా" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. అరిచినా బావుండేది. "అమ్మ పోయినా తమ్ముడున్నాడు, వాడికి పెళ్ళయితే ఏడాదికి రెండ్రోజులు వెళ్ళి కాళ్ళు బారజాపుకుని కూర్చుంటాననుకున్నాను. ఇకనించి నేనెవరింటికి పోవాలి?"

వెళ్ళొద్దంటావా అని అడిగాను. "పద, బస్సు పోతుంది" అంది.

చీరాల నుంచి పర్చూరుకు బస్సు పది రూపాయలు, ముప్పావుగంట. అక్కణ్ణుంచి ఊళ్ళోకి షేర్ ఆటో నాలుగు రూపాయలు. నేను నల్లరేగడి చేలకేసి చూస్తూ కూర్చున్నాను. పత్తి చివరి తీతకొచ్చింది, మోళ్ళ మీద అక్కడక్కడా తెల్లగా మిగిలి ఉంది. మిరప చేలల్లో ఆడవాళ్ళు వంగి కాయలు కోస్తున్నారు. ఇదంతా వదిలితే చాలనుకున్నవాణ్ణి, ఇప్పుడు బస్సు కొంచెం నెమ్మదిగా పోతే బావుండునని కోరుకున్నాను. సోనమ్ కావాలి. ఈ చేలూ కావాలి. పక్కన మాట్లాడకుండా కూర్చున్న ఈ మనిషి కావాలి. మూడూ ఒక్కచోట దొరకవని తెలిసీ ముప్పై రెండేళ్ళవాణ్ణి చిన్నపిల్లాడిలా కిటికీకి మొహం ఆనించి కూర్చున్నాను.

బావ కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఘాటుకి నేను వరసగా ఏడు తుమ్ములు తుమ్మాను. "మన మిరపకాయ నిన్ను మర్చిపోయిందిరా!" అని నవ్వాడు. అక్క విషయం చెప్పేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది. బావ కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే తాళి కూడా నీకే కడతారా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నేనూ ఒక గోనెపట్టా తీసుకుని కాయలు కప్పడానికి సాయం పట్టాను. పొద్దుగూకేవేళ అక్క బియ్యం కడిగి నానబోసింది. దోసెలకు కాబోలనుకున్నాను. అన్నం పెట్టి, గిన్నెలు సర్దుకుని లోపలికెళ్ళిపోయింది.

తెల్లవారి రోకలి చప్పుడుకి మెలకువొచ్చింది. అక్క, పక్కింటావిడ కలిసి తడిబియ్యం దంచుతున్నారు. పొయ్యి మీద బెల్లం పాకం ఉడుకుతోంది. చలిమిడి. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు ఒళ్ళో పెట్టే చలిమిడి. చూస్తూ గుమ్మంలో ఉండిపోయాను. స్నానం చేసి రమ్మంది. పీట వేసి కూర్చోబెట్టి, నుదుట బొట్టు పెట్టి, నా భుజం మీది తువ్వాలు అంచులో చలిమిడి ముద్ద పెట్టి ముడేసింది. పక్కన ఇత్తడి బిందె, పసుపు, కుంకుమ, కారం డబ్బా, గోంగూర పచ్చడి, అన్నీ సర్ది ఉన్నాయి. నిన్న కొన్న చీర మీద చెయ్యి వేసి, "ఇది మీ అత్తగారికి పెట్టు. పిల్లాణ్ణి ఇచ్చుకునేవాళ్ళం మనం, అత్తగారికి చీర పెట్టకపోతే మర్యాద కాదు" అంది.

"అక్కా, నేను మగాణ్ణి."

"ఎవరు కాదన్నార్రా? పోయేది కాపురానికేగా. ఉత్త చేతుల్తో పంపుతామా?" ముడి బిగించి లాగింది. "ఇదిగో, ఇదీ నీ పుట్టిల్లు. ఏటా రావాలి. నేను పిలవలేదని మానేస్తే ఊరుకోను."

"అత్తగారు ఆరళ్ళు పెడితే ఒక్క ముక్క రాయి, వచ్చి తీసుకుపోతాం" అన్నాడు బావ గుమ్మంలోంచి. అక్క పడీ పడీ నవ్వింది, నవ్వుతూనే కొంగు కళ్ళకద్దుకుంది.

సంప్రదాయం ఎక్కువున్న దేశానికి వెళ్తామనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. అక్కడ చెల్లేది వాళ్ళ సంప్రదాయం, మనది కాదు. అందులో మగవాడికి ఏం మిగులుతుందో, ఆడదానికి ఏం మిగులుతుందో ముందే అడిగి తెలుసుకోండి. నేను బాగానే ఉన్నాను. ఎర్రబియ్యం పండించడం వచ్చింది, అత్తగారు మంచిది, ఇద్దరు పిల్లలు. ఏటా జనవరిలో, బడికి చలికాలపు సెలవులున్నప్పుడు అక్క దగ్గరికి వెళ్తాను, పదిరోజులు కాళ్ళు బారజాపుకుని కూర్చుంటాను, ఆవిడ వండి పెడుతుంది. ఒకప్పుడు తన కోసం తను కోరుకున్నది అదే. తనకు లేకుండా పోయినదాన్ని నాకు ఇచ్చింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆ చేల మీది ఎండ, ఆ ఘాటు, ఆవిడ గొంతు ఒక్కసారిగా కావాలనిపిస్తాయి, ఇక్కడ బయట మంచు పడుతుంటుంది.

వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. పచ్చి చలిమిడి దారిలోనే పాడవుతుంది, పాకం ముదరనిచ్చి చేయించుకోండి, వారం పైన ఉంటుంది. అత్తవారింట్లో దాన్ని ఇరుగుపొరుగుకి పంచుతారు, చివరికి మీకేమీ మిగలదు. అందుకని బయల్దేరేముందే మీకోసం ఒక ముద్ద విడిగా అడిగి తీసుకోండి. నేను అడగలేదు.