దొంగ తుమ్ము

ఒక తుమ్మును ఇన్నేండ్లు మోసుకుంట తిరుగుతున్న. నవ్వకుండ్రి. తుమ్ముకు బరువేముంటది అని మీరనుకుంటరు. ఆ పొద్దు నేను గూడ అట్లనే అనుకున్న.

రాసుడు నాకు కొత్త. నాలుగో తరగతి కాడనే బడి బందయింది. ఒక్కో మాట నోటితోని అనుకుంట రాస్తున్న. తప్పులుంటే మీరే సర్దుకోండ్రి. నా పేరు రాయను. నా బిడ్డ పేరు గూడ రాయను. ఇంట్ల చిన్ని అంటం, గదే రాస్త.

మేం ఫిల్మ్ నగర్ బస్తీల ఉంటం. గుట్ట మీద ఒక్కటే రూమ్. చిన్ని వాళ్ల నాయిన పోయినంక ఇగ ఇద్దరమే. నేను డబ్బింగ్‌ల గుంపు గొంతులు చెప్త. అంటే, సిన్మాల పెండ్లి ఉంటే ఆడోళ్ల లొల్లి, చావు ఉంటే ఏడుపు, దవాఖాన ఉంటే దగ్గు. తెర మీద మీకు కనిపించేది ఎవరో, మీరు వినేది మా నలుగురైదుగురి గొంతు. అద్దం అవతల కూసునే సారు "అక్కా, ఓ ముసలావిడ తుమ్ము ఇవ్వండి" అంటడు. ఇస్త. "ఇంకొంచెం గట్టిగా అండీ" అంటడు. ఇంకోటి ఇస్త. పడిశం తుమ్ము, మిరపకాయ ఘాటుకు వచ్చే తుమ్ము, పసిపిల్ల తుమ్ము, అన్నీ వస్తయ్ నాకు. ఎన్ని అడిగితే అన్ని.

చిన్ని యూనివర్సిటీల పీజీ చేసింది, లెక్కలల్ల. పాసయినంక నౌకరీ కోసం ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఏడికి పోయినా ఒక్కటే అడుగుతరట, ఎక్స్‌పీరియన్స్ ఉందా అని. "ఎవరన్న ఒక్కలు నౌకరీ ఇస్తేనే కద అమ్మా, ఎక్స్‌పీరియన్స్ వచ్చేది?" అని నన్నడిగేది. నాకేం తెలుసు? అన్నం పెట్టేదాన్ని. ఫోన్ దిక్కు చూసుకుంటనే తినేది.

ఆఖరుకు గచ్చిబౌలిల ఒక పెద్ద కంపెనీ పిలిచింది. ఫోన్ల మాట్లాడుడు అయిపోయింది, ఇగ ఎదురుంగ కూసోని మాట్లాడుడే మిగిలింది. ముందు రోజు సాయంత్రం బట్టలు ఇస్త్రీ చేసుకుంట చెప్పింది. నౌకరీ వస్తే పుణెల ఉండాల్నట. ఇంకోటి గూడ చెప్పింది. తొమ్మిదిన్నర దాటితే గేటు కాడనే ఆపేస్తరట. అది నాకు మంచిగ యాదికున్నది. తెల్వక చేసిన అననీకి నాకు జాగ లేదు.

తెల్లారి తెల్ల కుర్తా ఏసుకున్నది. పెరుగుల చక్కెర కలిపి నోట్ల పెట్టిన. దేవుని పటానికి మొక్కింది. చెప్పులేసుకోని గడప మీద కాలు పెట్టింది.

నేను తుమ్మిన.

అనుకోని తుమ్మిననా? ఎన్నిసార్లు అడిగిననో నన్ను నేను. ముందుగాల అనుకోలే, ఒట్టు. కని ముక్కుల దురద లేదు, దుమ్ము లేదు, పడిశం లేదు. ఊపిరి లోపలికి గుంజి, ఒక్క చిటికె ఆపి, మైకు ముందట ఎట్ల చేస్తనో అట్లనే చేసిన. మరి దాన్నేమంటరు?

"అబ్బా అమ్మా! ఇప్పుడే రావాల్నా నీ తుమ్ము?"

"నేనేం చెయ్యనే, వచ్చింది. జర కూసోని, నీళ్లు తాగి పో."

"నాకు గిసొంటియి నమ్మకం లేదు."

"నాకున్నది కదనే."

ఫోన్ల టైం చూసుకున్నది. మొఖమంత పరేషాన్. అయినా నవ్వింది. "సరే, ఇంకోటి తుమ్ము. రెండైతే మంచిదే అంటవ్ కద. తుమ్మెయ్, నేను పోత."

"వస్తలేదే బిడ్డా."

"స్టూడియోల సారు అడిగితే వస్తది, నేనడిగితే రాదా?"

కొంగుతోని ముక్కు తుడుసుకున్న.

"సరే తీ. నీ కోసం కూసుంట. లేకుంటే నాకేమైతదో అని పొద్దుందాక ఫికర్ చేస్తవ్." చెప్పులు ఇడిసి, చాప మీద కూసున్నది.

నీళ్ల కోసం చెంబు కడిగిన. కడిగిన చెంబునే మళ్ల కడిగిన. ఆమె తొందర పెట్టలే. నీళ్లు తాగి, నా చెయ్యి ఒకసారి పట్టుకోని ఉరికింది.

మధ్యాహ్నం గాకముందే వచ్చింది. "గేటు కాడనే ఆపిన్రమ్మా" అన్నది. కింద రోడ్డుకు అడ్డంగ షూటింగ్ వ్యాన్లు పెట్టిన్రట, ఆటో కదల్లేదట. తుమ్ము మాట ఎత్తనే లేదు. ఏడుపు వచ్చింది నాకు, దొంగ ఏడుపు కాదు. నన్ను పట్టుకోని ఆమెనే ఊకుంచింది. "నీ తుమ్ము ముందుగాలనే చెప్పిందమ్మా. నేనే నమ్మలే" అన్నది.

అప్పుడన్న చెప్పొద్దా? నోరు తెరిస్తే అయిపోయేది. తెర్వలే.

అప్పట్సంది చిన్ని తుమ్ములు నమ్ముతది. గంత చదివిన పిల్ల, పక్కింటి ముసలాయన తుమ్మినా బయటికి పోయేది ఆగి కూసుంటది. అది నేను పెట్టిన జబ్బు. మస్తు రోజులకు వెంగళరావు నగర్‌ల చిన్న ఆఫీసుల పని దొరికింది, బిల్లులు కంప్యూటర్‌ల ఎక్కిచ్చుడు. చదివిన చదువుకు ఆడ పని లేదు. మాపటికి ఇంటికొచ్చి నా పక్కన కూసోని తింటది. "మంచిదే అయిందమ్మా, నీ కాడనే ఉన్న" అంటది. నాకు ముద్ద దిగదు. కని మెట్ల మీద ఆమె చెప్పుల సప్పుడు వినంగనే నా పానం లేచొస్తది. గది గూడ నిజమే. దాస్తే ఇంక ఈ రాసుడెందుకు?

ప్రేమతోని చేసిన అని రాద్దామనుకున్న. రాసి కొట్టేసిన. ప్రేమ ఉండె. తలుపు తీస్తే ఎవరూ లేని రూమ్‌కు భయపడుడు గూడ ఉండె. అప్పుడప్పుడు నాకు రెండు ముక్కల డైలాగు ఇస్తరు, ఆ కాగితం సదివి చెప్పేది చిన్నినే. ఆమె పుణె పోతే నాకెవరు సదువుతరు అని గూడ అనుకున్న. చూసిన్రా, ఎంత చిన్న దానికి ఎంత పెద్దది ఆపిన్నో.

స్టూడియోల ఇప్పుడు తుమ్ము అడిగితే పక్కామెను చూపెడత. నాకు రాదు అంట. సారు నవ్వుతడు, "మీకు రాకపోవడమేంటక్కా" అని.

ఇగ ఇయ్యాల సంగతి. చిన్నిని మళ్ల ఒక కంపెనీ పిలిచింది. లెక్కల పనే. మళ్ల పుణెనే. పొద్దుగాల కొత్త చున్నీ ఏసుకున్నది, పెరుగు చక్కెర పెట్టిన, దేవునికి ఊదుబత్తి ముట్టిచ్చిన. గడప మీద కాలు పెట్టింది. ఆ పొగకో ఏమో, ముక్కుల దురద మొదలైంది. కొంగు అడ్డం పెట్టిన. పండ్లు బిగవట్టిన. ఆగలే. తుమ్మిన. నిజం తుమ్ము.

చిన్ని ఆగిపోయింది. మొఖం తెల్లబోయింది. వంగి చెప్పు ఇడుస్తంది.

ఊపిరి లోపలికి గుంజిన. ఒక్క చిటికె ఆపిన. ఇంకోటి తుమ్మిన.

"రెండమ్మా!" అన్నది. మళ్ల చెప్పు తొడుక్కున్నది. పోతపోత ఎనక్కి తిరిగి నన్నొక చూపు చూసి, "రెండోది జల్ది వచ్చిందే!" అని నవ్వింది. మెట్లు దిగిపోయింది.

ఆ నవ్వేంది? ఆమెకు తెలుసా? ఇయ్యాలటిదే తెలుసా, ఆ పొద్దుటిది గూడ తెలిసే కూసున్నదా? అందుకే కాగితం తీసిన.

చిన్ని ఇంకా ఇంటికి రాలే. మెట్ల దిక్కు చెవి పెట్టి కూసున్న. వచ్చినంక చెప్తనా? తెల్వదు. ధైర్యం చాలుతదో లేదో. ఒక తుమ్ము చెడగొట్టింది ఇంకో తుమ్ము బాగు చేస్తదని అనుకుంటలేను. అప్పుడు పోయిన నౌకరీ పోయిందే. ఇప్పుడు రెండు దొంగ తుమ్ములు నా మీద.

కని ఒకటి చెప్త. అందరి ఏడుపులు, అందరి దగ్గులు చెప్పిన గొంతు ఇది. ఇయ్యాల ఈ రూమ్‌ల ఒక్కదాన్నే కూసోని నోటితోని అనుకుంట రాసిన కద, చిన్నికి చెప్పని ఆ మాట నా చెవులకు వినబడ్డది. నాకు తుమ్ము రాలే చిన్నీ. ఆ పొద్దు రాలే.