బొమ్మ రాని వీడియోలో వినిపించిన మాట

నమ్మకపోతే మీ ఇష్టం. కానీ ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు.

అప్పట్లో దేశ రాజధానిలోని ద్వారకలో ఉండేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కింది ఫ్లాట్‌లో శారద ఆంటీ... రాజమండ్రి వాళ్లు. అంకుల్ దీపావళి వెళ్లిన వారానికే పోయారు. జనవరిలో ఓ సాయంత్రం ఆంటీ పిలిచారు.

"బాబూ, మే నెలలో అంకుల్ మనవరాల్ని తీసిన వీడియో ఇది. మాటలు వస్తున్నాయి, బొమ్మ రావట్లేదు. రోజూ వింటున్నాను... అందులో ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. కనీసం ఆయన చూసిందైనా చూద్దామని."

కోడెక్ లేదన్నమాట. వీడియోను విప్పి చూపించే చిన్న సాఫ్ట్‌వేర్ అది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను.

ముందు ఒకసారి ప్లే చేశాను. నల్లటి తెర. కూలర్ హోరు... చెంచా కిందపడిన చప్పుడు... "తాతా, ఇధర్ దేఖో!" అని ఇటు చూడమంటూ పాప నవ్వు. తర్వాత...

కూలర్ హోరు సన్నగిల్లింది.

"శారదా... చలిగా ఉంది. ఆ తలుపు వేసుకో."

అంకుల్ గొంతు. నెమ్మదిగా... పక్క గదిలోంచి అన్నట్టు.

"ఆఁ, వేస్తున్నానండీ," అంటూ ఆంటీ లేచారు. బాల్కనీ తలుపు వేశారు. పొగమంచు అప్పటిదాకా లోపలికి వస్తూనే ఉంది. వెనక్కి తిరిగి రెండడుగులు వేసి... ఆగిపోయారు.

నాకూ అప్పుడే తట్టింది. మే నెల. కూలర్. చలేమిటి?

కోడెక్ వేశాను. బొమ్మ వచ్చింది. పుచ్చకాయ రసం గడ్డం మీద కారుతున్న పాప. అదే హోరు, అదే చెంచా, అదే నవ్వు. ఆ మాట మాత్రం లేదు. మూడుసార్లు చూశాం. కోడెక్ తీసేసి, మళ్లీ నల్లటి తెరతో పెట్టాను... లేదు.

"ఆంటీ, మీరూ విన్నారు కదా?"

"వినబట్టే కదా బాబూ లేచాను."

ఆవిడ గొంతులో భయం లేదు. మళ్లీ కోడెక్ వేయబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దులే. బొమ్మ లేకుండానే ఉంచెయ్యి."

అలాగే వదిలేసి వచ్చాను.

కోడెక్ సరిపోకపోతే మాట తెగుతుంది, గరగరలాడుతుంది. లేని మాట ఎక్కణ్ణించి వస్తుంది? ఇప్పటికీ నాకు తెలియదు. తర్వాత మెట్ల మీద ఎన్నిసార్లు ఎదురుపడ్డా... మళ్లీ వినిపించిందా అని ఆవిణ్ణి అడగలేకపోయాను.