మంగళవారం ఫాలోఅప్

సొంత ఫోను ఉన్న ఇళ్ళు ఊరికి మూడో నాలుగో ఉండే కాలం సంగతి ఇది. మిగతా అందరికీ ‘పి.పి. నంబరు’ ఉండేది. అంటే పక్కింటివాళ్ళదో, వీధి చివర కిరాణా కొట్టుదో. మనం ఫోన్ చేసి ఫలానావారిని పిలవండి అంటే కొట్టువాళ్ళు విసుక్కుంటూనే వెళ్ళి పిలుచుకొచ్చేవారు. ఈలోగా రిసీవరు అక్కడ బల్ల మీద పడుకుని ఉండేది. అవతల ఉల్లిపాయల బేరమూ, కోళ్ళ గోలా, ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమో అన్నీ మన చెవిలో పడుతూ ఉండేవి. అలాంటి రోజుల్లో నేను రోజుకి నలభై ఫోన్లు చేసే ఉద్యోగంలో చేరాను. టెక్కలిలో డిగ్రీ, దాని మీద ఆరు నెలల కంప్యూటర్ కోర్సు, ఇరవై రెండేళ్ళ వయసు. నా మాట తియ్యగా ఉంటుందని మా అమ్మ నమ్మకం (పీలగా ఉంటుందని మిగతావారి అభిప్రాయం). పలాసలో మోటారు సైకిళ్ళు అమ్మే షోరూం. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే కాబట్టి, పొద్దున్నే నేను బస్సెక్కుతుంటే మా అమ్మ వీధి గుమ్మంలో నిలబడి, నేను కలెక్టరాఫీసుకి వెళ్తున్నట్టుగా చూసేది.

నేను చేరిన కొత్తలోనే విశాఖపట్నం హెడ్డాఫీసు నుంచి ఒక కంప్యూటరూ, అందులో ఒక సాఫ్ట్‌వేరూ వచ్చాయి. అంతకుముందు బండి చూడటానికి వచ్చినవాళ్ళ పేర్లు మా మేనేజరు గారు కేలెండరు వెనకా, అగ్గిపెట్టె మీదా, ఒకోసారి అరచేతిలో కూడా రాసుకునేవారు. (అరచేతిలో రాసుకున్నవాళ్ళు భోజనం చెయ్యి కడుక్కోగానే పోయేవారు.) ఇప్పుడు అలా కాదు. షోరూం మెట్టెక్కిన ప్రతి మనిషికీ కంప్యూటర్లో ఒక పేజీ. పేరు, ఊరు, ఫోను, ఏ బండి, ఏ రంగు, ఎవరి కోసం, మళ్ళీ ఎప్పుడు ఫోన్ చెయ్యాలి. కొనేసేలా ఉంటే ‘హాట్’, ఊగిసలాడుతుంటే ‘వార్మ్’, ఊరికే నీడకి వచ్చినవాడైతే ‘కోల్డ్’. ఫోన్ చెయ్యాల్సిన తారీఖు దాటిపోతే ఆ పేరు ఎర్రగా మారిపోయేది. శనివారం సాయంత్రం అదంతా ఫ్లాపీలోకి ఎక్కించి విశాఖకి పంపితే, అక్కడ కూర్చున్నవాళ్ళు ఎరుపులు లెక్కపెట్టి సోమవారం మా మేనేజరు గారిని తిట్టేవారు. ఆయన మంగళవారం నన్ను తిట్టేవారు. రోజూ పొద్దున్నే “ఏటమ్మా, ఇవాళ హాట్లు ఎన్ని?” అని అడుగుతూ లోపలికి వచ్చేవారు కాబట్టి మెకానిక్కులు ఆయనకి ‘హాట్ సారు’ అని పేరు పెట్టారు. నేనూ చాటుగా అలాగే అనేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం కంచిలి వైపు ఊరి నుంచి ఒకాయన వచ్చాడు, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కొబ్బరితోట ఉన్న మనిషి. అందరిలా మైలేజీ ఎంత అని అడగలేదు. ఎర్రబండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు సీటు వదిలేసి వెనక సీటు మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, “అమ్మా, ఎనకాల కూకున్నోడు నడుం ఆనుకోడానికి ఏదైనా బిగించొచ్చా?” అన్నాడు. తమ్ముడికి మూత్రపిండాలు పాడయ్యాయట. వారానికి రెండుసార్లు రైల్లో విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంటి నుంచి స్టేషను దాకా ఆటోలో ఆ కుదుపులకి పిల్లాడు తట్టుకోలేకపోతున్నాడట. (పిల్లాడన్నది ఇరవై ఎనిమిదేళ్ళ మనిషిని.) కంచిలి చుట్టుపక్కల ఉద్దానం పల్లెల్లో ఆ జబ్బు మాట వినని ఇల్లు లేదు గనక నేను అయ్యో అని, ఆ ‘అయ్యో’ గాల్లో ఉండగానే కంప్యూటరు వైపు తిరిగాను. ఎర్రరంగు స్టాకులో ఉంది. అదే నా సంతోషం. రిమార్కుల గడిలో ‘తమ్ముడి కోసం. వెనక ఆనుకోవడానికి కావాలి’ అని రాసి, ‘హాట్’ కొట్టి, మంగళవారం తారీఖు వేశాను.

ఆయన ఇచ్చిన పి.పి. నంబరు వాళ్ళ వీధి కిరాణా కొట్టుది. కొట్టు నడిపేది ఒక పెద్దావిడ. రెండోసారికే నేను ఆవిణ్ణి అత్తా అనడం, ఆవిడ నన్ను గుంటా అనడం మొదలైంది. (మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు.) “మళ్ళీ నువ్వేనేటే గుంటా? ఆడు తోటలో ఉన్నాడు. ఎండలో అంత దూరం ఎవలెల్తారు?” అనేది. నేను బతిమాలేదాన్ని. “అత్తా, ఆయన లైన్లోకి రాకపోతే నా పేరు మీద ఎరుపు పడుతుంది. మా సారు తిడతారు. ఉద్యోగం పోతుందత్తా.” “ఎరుపేటే?” అని ఆవిడ అడిగితే సాఫ్ట్‌వేరు గురించి అయిదు నిమిషాలు చెప్పాను. ఆవిడకి అర్థమైందల్లా ఉద్యోగం పోతుందన్న ఒక్క ముక్క. అదొక్కటీ బాగా అర్థమైంది. ఎవరినో పంపి పిలిపించింది. ఆయన వచ్చి, “వచ్చే వారం సూద్దారమ్మా, ఈ వారం ఆడికి ఒంట్లో బాగోనేదు” అని పెట్టేశాడు. అలా మూడు మంగళవారాలు.

నాలుగో మంగళవారానికి హెడ్డాఫీసు నుంచి కొత్త కాగితం వచ్చింది. ఫోన్లో మొదటి వాక్యం అందరికీ ఒకేలా చెప్పాలట. నేను అది అద్దం ముందు రెండుసార్లు అనుకుని మరీ వచ్చాను. అత్త ఆ రోజు విసుక్కోలేదు. ఏమీ అనకుండా రిసీవరు పక్కన పెట్టింది. నాకు అప్పుడైనా అనుమానం రావాలి, రాలేదు. ఆయన “ఆ” అనగానే, ఉన్న తీపంతా గొంతులోకి తెచ్చుకుని, “నమస్కారమండీ! మీ కుటుంబంలోకి కొత్త సభ్యుణ్ణి ఎప్పుడు తీసుకెళ్తున్నారు?” అన్నాను. కొత్త సభ్యుడంటే బండి.

అవతల కోళ్ళ గోలలోంచి ఆయన నెమ్మదిగా అన్నాడు. “మా ఇంట్లో ఒకడు తగ్గిపోనాడమ్మా. శుక్కురోరం.”

ఆయనే, “ఉంటానమ్మా” అని పెట్టేశాడు.

పేజీ మూసేద్దామని వెళ్తే కంప్యూటరు కారణం అడిగింది. వేరే కంపెనీ బండి కొన్నారు. ధర నచ్చలేదు. కోరిన రంగు దొరకలేదు. తప్పు నంబరు. వాయిదా వేసుకున్నారు. ఈ అయిదే. ఎవరైనా చనిపోతారని ఆ సాఫ్ట్‌వేరు రాసినవాళ్ళకి తట్టినట్టు లేదు. అయిదింటినీ పైకీ కిందకీ పదిసార్లు తిప్పి చూసి, ‘వాయిదా వేసుకున్నారు’ నొక్కాను. అది నొక్కితే పేజీ మూసుకోదు, మళ్ళీ తారీఖు అడుగుతుంది. వచ్చే మంగళవారం వేశాను.

వచ్చే మంగళవారం చెయ్యకూడదనే అనుకున్నాను. సాయంత్రానికి పేరు ఎర్రబడబోతోంది, హాట్ సారు నా వెనకాల అటూ ఇటూ తిరుగుతున్నారు. చేశాను. కొట్టత్త, “ఆడు ఎవలితోనీ మాటాడ్డం నేదే గుంటా. కూడు కూడా సరిగ్గా తినడం నేదంట. నువ్వైనా ఏటైనా సెప్పు” అంది. ఆ మాటతో నాకు పెద్ద బాధ్యత వచ్చేసింది. ఆయన లైన్లోకి రాగానే బండి మాటెత్తకుండా, “అన్నయ్యగారూ, అన్నం తిన్నారా?” అన్నాను. “తిన్నానమ్మా” అన్నాడు. నేను గర్వంగా రిమార్కుల గడిలో ‘అన్నం తిన్నారు’ అని రాశాను. అక్కడ ఏదో ఒకటి రాయకపోతే కంప్యూటరు ఊరుకోదు మరి.

అలా రెండున్నర నెలలు నడిచింది. మంగళవారం వస్తే చాలు, నేనొక మనిషిని దుఃఖంలోంచి బయటికి లాగుతున్నానని నా నమ్మకం. బస్సులో కూర్చుని ఈ వారం ఏ మంచిమాట చెప్పాలా అని ఆలోచించుకునేదాన్ని. (ఏముంటాయి, ‘ధైర్యంగా ఉండాలండీ’ లాంటివి. నా జీవితంలో అప్పటికి నేను ధైర్యంగా ఉండాల్సి వచ్చింది డిగ్రీ రిజల్ట్స్ రోజున మాత్రమే.) రిమార్కుల్లో ‘కొబ్బరి దింపించారు’, ‘జ్వరం తగ్గింది’, ‘అమ్మగారు కూడా తిన్నారు’ అని రాసుకుంటూ పోయాను. శనివారం శనివారం ఫ్లాపీ విశాఖకి వెళ్తూనే ఉంది. దాన్ని అక్కడ ఎవరో చదువుతారన్న ఆలోచన నాకు రాలేదు.

చదివారు. హెడ్డాఫీసు ఆఫీసరు ఒకాయన కాగితాలు పట్టుకుని స్వయంగా దిగాడు. మెకానిక్కులతో సహా అందరినీ నిలబెట్టి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. “‘ఇవాళ కొంచెం నవ్వారు. తోటలో పని మొదలుపెట్టారు.’ ఇది ఏ మోడల్ బండి ఫాలోఅప్ అమ్మా?”

అందరూ నవ్వారు. నేను కూడా సగం నవ్వి, తర్వాత విషయం చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. ఆఫీసరు ఇబ్బందిగా, “మరి హాట్ అని ఎందుకుంది?” అన్నాడు. “చనిపోయారు అనేది కారణాల్లో లేదండీ” అన్నాను. ఆయన కాగితం మడిచాడు. “సరే, పోయింది తమ్ముడు. కొనేది అన్నయ్యే కదా. బండి తీసుకుని ఇంటికే వెళ్ళండి. కొంటాడా, కొనడా? వచ్చే శనివారం ఫ్లాపీలో ఈ పేజీ ఇలాగే ఉంటే ఇక్కడ ఈ అమ్మాయి ఉండదు.”

మర్నాడు హాట్ సారు ఎర్రబండి మీద, నేను వెనకాల ఆటోలో బయల్దేరాం. దారి పొడుగునా నేను చెయ్యబోయే పని తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాను. తమ్ముడికి కొందామనుకున్న బండినే ఆ గుమ్మం ముందు నిలబెట్టి కొంటారా అని అడగాలి. ఆయన కొబ్బరితోటలోంచి వచ్చాడు. షోరూంలో చూసినప్పటికంటే పదేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడు. “నువ్వే వచ్చీసినావా అమ్మా!” అని, మాకు బొండాలు కొట్టించి ఇచ్చాడు. హాట్ సారు గొంతు సవరించుకుని, “మరి... బండి...” అని ఆగిపోయారు.

ఆయన బండి దగ్గరికి వెళ్ళి వెనక సీటుని అరచేత్తో నొక్కి చూశాడు. తర్వాత హాట్ సారుతో అన్నాడు. “బాబూ, బండి నాను కొనను. ఎవలి కోసం కొంతాను? మొదటి వారమే సెప్పీద్దును. కాని నాను ఫోను కాడికి రాకపోతే ఈ గుంట పేరు మీద ఎరుపేదో పడతాదంట, మీరు తిడతారంట, ఉద్దోగం పోతాదంట. కొట్టత్త సెప్పింది. సిన్నపిల్ల, కొత్త కొలువు. నా మూలంగా ఎందుకు పోవాలని, మంగళారం మంగళారం తోటపని మానీసి కొట్టు కాడ కూకునీవోణ్ణి.”

నేను బొండాం కింద పెట్టేశాను. “మరి అన్నం తిన్నానని...” అన్నాను.

“ఒకోపాలి తిన్నీవోణ్ణి, ఒకోపాలి నేదు. నేదంతే నువ్వు ఫోన్లోనే ఏడిసీలాగుంతావు. అందుకని తిన్నానని సెప్పీసీవోణ్ణి” అని, ఏదో తప్పు చేసినవాడిలా నవ్వాడు.

ఇన్నాళ్ళూ ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళమ్మగారు లోపల్నుంచి వచ్చి భోంచేసి వెళ్ళమంది. కాదనలేక కూర్చున్నాం. నేను తల ఎత్తకుండా తిన్నాను. తిరిగి వచ్చేటప్పుడు హాట్ సారు రోడ్డు పక్కన బండి ఆపి, నా ఆటో ఆపించి, “అమ్మా, నాను నిన్నెప్పుడు తిట్టినాను?” అన్నారు. “మంగళవారం మంగళవారం సార్” అన్నాను. “అవునా?” అన్నారు, నిజంగానే తెలియనట్టు. ఆ తర్వాత పలాస వచ్చేదాకా బండి చాలా నెమ్మదిగా నడిపారు.

షోరూంకి రాగానే నన్ను లేపి కంప్యూటరు ముందు తనే కూర్చున్నారు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఆ పేజీ తెరిచి, కారణం దగ్గర ‘కోరిన రంగు దొరకలేదు’ నొక్కారు. ఎర్రబండి ఆయన వెనకాలే, దారి దుమ్ముతో, నిలబడి ఉంది. శనివారం ఫ్లాపీ వెళ్ళింది, ఎవరూ ఏమీ అడగలేదు. నా ఉద్యోగం ఉంది. మంగళవారం జాబితాలో మాత్రం ఆయన పేరు లేదు. ఆ రోజు మిగతా ముప్ఫై తొమ్మిది ఫోన్లూ చేసి, చెయ్యాల్సింది ఇంకొకటేదో ఉండిపోయిందని సాయంత్రం దాకా వెతుక్కున్నాను.

ఏడాది దాటాక, ఒక ఆదివారం టెక్కలి బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ కనిపిస్తే, ఎందుకో లోపలికి వెళ్ళి కొట్టు నంబరు తిప్పాను. అత్తే ఎత్తింది.

“నేనత్తా, పలాస షోరూం అమ్మాయిని.”

“ఇంకా బండి కొనమనేనేటే?”

“కాదత్తా. అన్నయ్యగారు ఎలా ఉన్నారో అని.”

“ఆడిక్కడెక్కడే! అండమాన్ పనికెల్లిపోనాడు, నాలుగు నెలలైంది. తల్లికి నెలకోపాలి ఇక్కడికే ఫోన్ సేత్తాడు. ఏటి సెప్పమంటావు?”

“ఊరికే చేశానని చెప్పండి” అన్నాను.

“ఊరికే ఎవలు సేత్తారే ఫోను!” అని అత్త గట్టిగా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, “ఆడూ ఓపాలి అడిగినాడు. ఆ గుంట కొలువు ఉందా, పోనాదా అని. నాకేటి తెలుసు అన్నాను. ఉందా?”

“ఉందత్తా.”

“సెప్తాన్లే.”

ఫోను పెట్టేసి, వెనకాల లైన్లో ఉన్నవాళ్ళు తలుపు తట్టేదాకా అక్కడే నిలబడ్డాను. ఇప్పుడు ఇరవై రెండేళ్ళ ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. జడ ముందుకి వేసుకుని, కాగితం మీద రెండు మంచిమాటలు రాసుకుని, ఒక ఇంటి దుఃఖాన్ని వారానికి మూడు నిమిషాల చొప్పున తీర్చేద్దామని కూర్చుంది, పాపం.