మూతలు తీసి చూపించిన చోట

గ్రీకు దీవులకు సెలవుల్లో వెళ్తున్నాం, ఎక్కడ తింటే బాగుంటుందని ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. నేను హోటలు పేరు చెప్పను. బోర్డు మీద ఫొటోలు పెట్టినచోటికి పోకండి, వంటింట్లోకి రానిచ్చి మూతలు తీసి చూపించే చోట తినండి అంటాను. ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు, మా అమ్మని వెంటబెట్టుకుని వెళ్తే వచ్చింది.

రెండువేలు దాటిన కొత్తల్లో మేం బర్మింగ్‌హామ్‌లో ఉండేవాళ్ళం. నాకూ మా ఆయనకూ కంప్యూటర్ ఉద్యోగాలు. అమ్మ కాకినాడ నుంచి విజిటర్ వీసా మీద ఆరు నెలలకని వచ్చి, మర్నాటినుంచే మా వంటిల్లు స్వాధీనం చేసుకుంది. ఆవిడ పుట్టి బుద్ధెరిగి బయట తిన్న మనిషి కాదు. మాంసం మాట సరేసరి, ఎవరు వండారో, ఏ గిన్నెలో వండారో తెలియందే పచ్చి మంచినీళ్ళు ముట్టదు. పైగా అందరూ తిని లేచాక అడుగూ బొడుగూ తినడం ఆవిడ అలవాటు. ఇంట్లో ఉన్నది ముగ్గురమే అయినా "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అమ్మ దర్జాగా కూర్చోవాలి, ఎవరో వడ్డించాలి, ఆవిడ అందరికంటే ముందు వేడివేడిగా తినాలి. అది కళ్ళారా చూడందే ఇండియా విమానం ఎక్కించేది లేదని పంతం పట్టాను.

అందుకే ఆగస్టులో క్రీట్ దీవికి వారం రోజుల ప్యాకేజీ హాలిడే బుక్ చేశాం. సూట్‌కేసు సర్దేటప్పుడు రైస్ కుక్కర్ దగ్గర యుద్ధం జరిగింది.

"అమ్మా, ఆ కుక్కర్ వస్తే నేను రాను."

"పోనీ మానెయ్యవే. నేనూ అల్లుడుగారూ వెళ్ళొస్తాం."

మా ఆయన కిసుక్కున నవ్వాడు. కుక్కర్ ఆగింది గానీ అటుకులూ ఆవకాయా కందిపొడీ చీరల మడతల్లో దాక్కుని సముద్రం దాటాయి.

మొదటి రెండు రోజులూ నా ప్లానుకి దిక్కూ మొక్కూ లేదు. బీచి పక్క వీధినిండా బర్గర్లూ చిప్సూ. వెజిటేరియన్ ఏముందని అడిగితే ఒక వెయిటరు ఎంతో సంతోషంగా చికెన్ ఉందన్నాడు. "కోడి ఏ పాదుకి కాస్తుందో కూడా అడగవే" అంది అమ్మ. గదికొచ్చి పెరుగులో అటుకులు నానబెట్టుకుని, ఆవకాయ నంజుకుంటూ, "నాకేం తక్కువే, దివ్యంగా ఉంది" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మా ఆయన మీద అరుపులుగా బయటికొచ్చింది.

మూడోరోజు ఆ కోపంలోనే కనిపించిన బస్సు ఎక్కించేశాను. అది కొండ మీదికి మెలికలు తిరుగుతుంటే అమ్మ కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా అంది. బస్సు చివరాఖర్న ఆగిన ఊళ్ళో ఒక చర్చి, ద్రాక్షపందిరి కింద నాలుగు బల్లలు వేసిన చిన్న భోజనశాల. నల్లబట్టల్లో ఒక ముసలావిడ, కాస్త ఇంగ్లీషు వచ్చిన ఆవిడ కోడలు.

"మా అమ్మ మాంసం తినదు, చేప తినదు, గుడ్డు తినదు" అని పోట్లాటకి సిద్ధపడే ఏకరువు పెట్టాను.

కోడలు తాపీగా, "మేమూ తినం. మేరీ మాత పండగ దాకా ఊరంతా ఉపవాసమే" అంది. అత్తగారికి సంగతి చెప్పింది. ఆ ముసలావిడ అమ్మ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

కాసేపటికి లోపల్నుంచి కేక. "ఒసేయ్! ఇలా రావే!"

చెయ్యి కాలిందేమోనని ఇద్దరం పరుగెత్తాం. అమ్మ ఒక మూత పట్టుకుని నిలబడి ఉంది. "ముద్దపప్పే! సాక్షాత్తూ ముద్దపప్పు!"

ఇక ఆవిణ్ణి ఆపేదెవరు? ఒక్కో మూతా ఎత్తడం, ఒక్కో కేక వెయ్యడం. అన్నం కూరిన టమాటాలు. ఉడికించి నిమ్మకాయ పిండిన ఆకుకూర. నూనె తేలుతున్న శనగలు. "అల్లుడుగారూ, బెండకాయలు చూశారా! ముదురుకాయ ఒక్కటి లేదు! ఇన్ని పెట్టుకుని దీన్ని ఉపవాసం అంటారా? మన ఏకాదశి ఉప్మా నయం కదే!" నేను గోడకి జారబడి పడీపడీ నవ్వాను.

ఆఖరి మూత తీసేదాకా అంతా బాగానే ఉంది. అందులో ఆక్టోపస్. కాళ్ళతో సహా. దానికి నెత్తురుండదు కాబట్టి ఉపవాసానికి చెల్లుతుందని కోడలు చెప్పింది. మా ఆయన దాన్ని పొల్లుపోకుండా తెలుగులో చెప్పాడు, మహానుభావుడు.

అమ్మ మూత దించింది. "గరిటె ఒకటేనా?" అంది.

అయిపోయింది, మళ్ళీ అటుకులే అనుకున్నాను. కానీ ముసలావిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అమ్మ చూపు గరిటె మీదుంటే అర్థమైపోయింది. గోడకున్న వేరే గరిటె తీసి, నిమ్మచెక్కతో తోమి, కుళాయి కింద కడిగి అమ్మకి చూపించింది. అమ్మ ఇంకోసారి అన్నట్టు వేలు చూపిస్తే ఇంకోసారి కడిగింది. ఆక్టోపస్ గిన్నెని పెరట్లోకి పంపించేసింది.

"మడి తెలిసిన మనిషే" అంది అమ్మ.

పందిరి కింద కూర్చున్నాం. గిన్నెలు రాగానే అమ్మ అలవాటు కొద్దీ లేచి, పప్పుగిన్నె అందుకుని నావైపు వంగింది. ముసలావిడ ఆ గిన్నె లాక్కుని, అమ్మ భుజం నొక్కి కుర్చీలో కూలేసింది. ముందు అమ్మ పళ్ళెంలోనే వడ్డించింది.

"ఇదేవిటే?"

"ఉపవాసం కదమ్మా, తిను" అన్నాను.

తింది! పప్పూ బెండకాయా అయ్యాక సంచీలోంచి ఆవకాయ సీసా తీసింది. ముసలావిడ ఓ ముక్క నోట్లో వేసుకుని, కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుని, మళ్ళీ చెయ్యి చాపింది. ఉపవాసంలో తాము ముట్టని పెరుగు అమ్మ కోసం తెచ్చిపెట్టింది. ఆ గట్టి పెరుగు చూసి అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ముసలావిడ మళ్ళీ పప్పు తెచ్చింది. అమ్మ "చాలమ్మా, చాలు" అంటూ పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మ వడ్డిస్తుంటే నాన్నా, చుట్టాలూ, మేమూ అలా చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళం. అమ్మ చెయ్యి అలా చూడటం నాకు అదే మొదలు. నా ముందున్న పళ్ళెం ఇంకా ఖాళీగానే ఉంది, నాకు ఆకలీ తెలియలేదు. ముసలావిడ ఆ చెయ్యి ఎత్తి పక్కన పెట్టి, గరిటెడు పప్పు వేసేసింది.

"వద్దన్నా వినదేవిటే ఈవిడ!" అంది అమ్మ, నోటినిండా ముద్దతో.