మోనాలిసాకు ప్లాస్టిక్ దండ

ఆ కాలంలో టీవీ సీరియల్లో ఒక ఇల్లు డబ్బున్నదని చెప్పడానికి మెట్లూ సోఫాలూ చాలేవి కావు, గోడ మీద మోనాలిసా ఉండాల్సిందే. ఆమె ఎవరో మాలో ఎవరికీ పట్టేది కాదు. అత్త కోడల్ని గెంటేసినా, కోడలు పాలలో విషం కలిపినా వెనక నుంచి అలా చూస్తూ ఉండేది. నేనప్పుడే ఆర్ట్ డైరెక్టరు దగ్గర చేరాను (పేరుకు అసిస్టెంటుని, పనికి మేకులు కొట్టేవాణ్ణి). మణికొండలో కిరాయి బంగళాలో షూటింగు. తెలంగాణ ఉద్యమం నడుస్తోంది. బయట రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి ఉద్యమకారుల వంటావార్పు, లోపల అత్తాకోడళ్ల ఏడుపులు. ఏ రోజు బంద్ పడి కూలి పోతుందోనని అందరి ముఖాలూ వేలాడుతూ ఉండేవి. మా ఇంట్లో అంతకన్నా దిగులు. నార్సింగిలో అమ్మ గుండెజబ్బుతో మంచం పట్టింది. ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోమన్నారు దవాఖానలో. ఆ మాటకు అర్థం తెలిసీ తెలియనట్టు తిరిగేవాణ్ణి.

ఒక బంద్ నాడు గేటు మూసుకుని గప్‌చుప్‌గా షూటింగు పెట్టారు. పటాలు కిరాయికిచ్చే దుకాణం మూసి ఉంది. "మోనాలిసా లేకుండా ఇది జమీందారు ఇల్లెలా అవుతుందండీ," అని కోస్తా నుంచి వచ్చిన మా డైరెక్టరు తల పట్టుకున్నాడు. నేను వేస్తానన్నాను. చేతిలో ఉన్నది అగ్గిపెట్టెంత క్యాలెండర్ బొమ్మ. చేతులూ, బట్టలూ, వెనక కొండలూ కుదిరాయి. ముఖం దగ్గరికొచ్చేసరికి నా చేయి నా మాట వినలేదు. చిన్నప్పుడు పొయ్యి పక్కన కూర్చుని బొగ్గుముక్కతో నేర్చుకున్న ఆడముఖం ఒక్కటే, అమ్మది. అదే వచ్చింది. పెదాలు మూసుకుని నవ్వడం ఇద్దరికీ అలవాటే కాబట్టి సెట్లో ఎవరూ కనిపెట్టలేదు. "ఒరిజినల్ కంటే బాగుందండి," అన్నాడు డైరెక్టరు (ఒరిజినల్‌ను ఆయనా క్యాలెండర్లోనే చూశాడు). అమ్మ మాత్రం సీరియల్ టీవీలో వచ్చినప్పుడు మంచంలోంచే గుర్తుపట్టి, "గా బంగళాల నా ఫొటో ఉన్నది," అని వాడకట్టంతా చెప్పుకుంది.

కొన్నాళ్లకు కథ ముదిరింది. జమీందారుకు చచ్చిపోయిన మొదటి భార్య కావలసి వచ్చింది. కొత్త మనిషిని పెడితే ఖర్చని, గోడ మీదున్న ఆవిడనే మొదటి భార్యను చేసి ప్లాస్టిక్ దండ వేసేశారు. అమ్మకు మందులు కొనిచ్చి నేను సెట్‌కు వెళ్లేసరికి సగం సీన్లు అయిపోయాయి.

"సార్, గామె మా అమ్మ. ఇంక బతికే ఉన్నది. జర గా దండ తీయించుండ్రి," అని బతిమాలాను.

డైరెక్టరు నన్నూ పటాన్నీ మార్చి మార్చి చూశాడు. "అయ్యో, ముందే చెప్పొచ్చు కదండీ. ఇప్పుడు తీస్తే కంటిన్యూటీ పోతుందండి," అన్నాడు.

ఆ భాగం టీవీలో వచ్చే రోజు సాయంత్రం నేను టీవీ వైరు పీకేశాను. అమ్మ పక్కింటి చిన్నమ్మను పిలిచి పెట్టించుకుంది. తెర నిండా అమ్మ ముఖం, మెడలో దండ. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను గోడవైపు తిరిగాను.

"ఏంది బిడ్డా, అప్పుడే గోడకెక్కిచ్చినవ్?" అంది అమ్మ.

నేను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను.

"ఏడ్వకు. ఎట్లయినా ఎక్కేదే గద. గని గంత పెద్ద బంగళాల ప్లాస్టిక్ దండేంది? నాకైతే బంతిపూలు వెయ్యి."

సీరియల్ ఇంకా నడుస్తుండగానే అమ్మ పోయింది. ఇల్లంతా వెతికితే రేషన్ కార్డు మీది మసక ముఖం తప్ప ఒక్క ఫొటో లేదు. డైరెక్టరే ఆ పటాన్ని బట్టలో చుట్టించి ఇంటికి పంపాడు (తర్వాతి భాగాల్లో జమీందారు గోడ మీద ఏం పెట్టుకున్నాడో నేను చూడలేదు).

ఇప్పుడది మా మణికొండ ఫ్లాట్ హాల్లో ఉంది. ఎదురింటి సాఫ్ట్‌వేర్ అమ్మాయి వచ్చినప్పుడల్లా నవ్వు ఆపుకోలేక, "అంకుల్, మోనాలిసాకి దండేంటి?" అంటుంది. "ఆమెకు బంతిపూలంటే ఇష్టమమ్మా," అని నేనూ పెదాలు మూసుకునే నవ్వుతాను. దండ తీయించమని ఆ రోజు అంతగా బతిమాలిన కుర్రాణ్ణి, ఇప్పుడు రోజూ పొద్దున్నే నా చేత్తోనే వేస్తున్నాను.