తిరగమాత లేని కూడు

నిన్న సాయంత్రం నేను పాస్తా వండాను. వండానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కోడలు తెల్లవారకముందే ఉద్యోగానికని బెంగుళూరు రైలుకు పరుగెత్తుతూ, రాత్రికి పాపకు అదే పెట్టమని, అంతా ఒకే గిన్నెలో అయిపోతుందని, వెన్నలో ఉల్లిపాయ, వెల్లుల్లి కాస్త మగ్గించి దాని మీదే పాస్తా, నీళ్లు, పాలు పోసి ఉడికించి, దించే ముందు చీజ్ వేస్తే చాలని, ఇంతకన్నా సులువైన వంట లోకంలో లేదని చెప్పి వెళ్లిపోయింది. సులువట! మంట పెంచితే పాలు పొంగి పొయ్యిపాలయ్యాయి, తగ్గిస్తే అడుగంటింది. రాగి సంగటి కెలికి కెలికి కాయలు కాసిన చేతులు నావి, అడుగంటుతుంటే ఊరుకుంటాయా? తెడ్డు తీసుకుని సంగటికి కెలికినట్టే కెలికేశాను. గొట్టాల్లా నిలబడవలసినవన్నీ చితికి, అటు పాయసమూ కాక ఇటు జావా కాక ఒక తెల్లటి ముద్ద తయారయింది.

ఇక దాన్ని కాపాడేది తిరగమాత ఒక్కటేననుకుని గరిటెలో నూనె పోసి, ఆవాలూ ఎండుమిరపకాయలూ చేతిలోకి తీసుకున్నానో లేదో, మనవరాలు వంటింటి గడప మీద నిలబడి ముక్కు మూసుకుంది. బడిలో కన్నడం చదివే పిల్ల, తిరగమాతను కూడా కన్నడంలోనే చెబుతుంది. "ఒగ్గరణె వద్దవ్వా! అది వేస్తే నేను తినను. ఉత్తదే పెట్టు," అంది.

ఉత్తదే! తొమ్మిదేళ్ల పిల్ల మీద అంత కోపం రావలసిన పనిలేదు. కానీ వచ్చింది. ఎందుకొచ్చిందో పట్టుపురుగులు పెంచిన ఇళ్లలో పుట్టిన నా ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు, మిగిలినవాళ్లకే చెప్పాలి.

మాది లక్కూరు పక్కన పల్లె. ఇంట్లో పెద్ద గది పురుగులది, మిగిలిన మూల మాది. పురుగు పొర విడిచే ముందు మేత మాని పడుకుంటుంది, దాన్ని మా వైపు జ్వరం అనేవాళ్లు. కడపటి జ్వరం నుంచి లేచింది మొదలు గూడు కట్టేదాకా ఇంట్లో ఏ వాసనా పుట్టకూడదు. వాసన తగిలితే పురుగు మేత మానేస్తుందని మా అవ్వ, అంటే నాయన తల్లి, నమ్మకం. నమ్మకమంటే మామూలు నమ్మకం కాదు, చట్టం. వేపుడు లేదు, ఎండుచేప లేదు, నాయనకు బీడీ లేదు, అమ్మ తలలో పూలు లేవు, ఆఖరికి దేవుడికి ఊదుబత్తి కూడా లేదు. దేవుడికే దిక్కులేనప్పుడు ఇంక మా గతేమిటి? మల్బరీ ఆకు కోయడానికీ తరగడానికీ మేత వేయడానికీ పొద్దు చాలదు గనుక అమ్మ ఒకే కుండ పొయ్యెక్కించేది. నూకలు ఉడికాక రాగిపిండి, ఉప్పు, దించే ముందు ఇన్ని పాలు. ఒకే గిన్నె వంటను ఇప్పటివాళ్లేదో కనిపెట్టినట్టు చెబుతుంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. ఆ పాలసంగటి మింగలేక పిల్లలం ఎన్ని ఏడుపులు ఏడ్చామో!

ఒక పురుగుల పంటప్పుడు అమ్మకు వేవిళ్లు. కడుపులో మా చెల్లెలు. ఆ చప్పటి సంగటి చూస్తేనే వాంతి. ఎండుమిరపకాయ, వెల్లుల్లి మాడీ మాడకుండా వేసి తిరగమాత పెట్టిన ఉలవచారు తినాలని ఆమెకు ప్రాణం లాగేసేది. తినకుండానే ఆకు తట్టలు మోస్తూ, కళ్లు తిరిగి గోడ పట్టుకుని నిలబడేది. చివరికి నోరు తెరిచి అడిగింది. "ఒక్క ముద్దకు తిరగమాత పెట్టుకుంటానత్తా, నాకేమీ లోపలికి దిగతా లేదు," అంది. అవ్వ ఆకు తరుగుతున్న కత్తి ఆపలేదు. "నీ నాలిక ముక్కెమా, వాటి పానం ముక్కెమా? గూడు కట్టినాక గంపెడు తిందువులే, ఇంగ కొన్ని దినాలు ఓర్చుకో," అంది. అవ్వ చెడ్డదని చెప్పను. ఆ పంట పోతే మళ్లీ పంట దాకా ఇంటికి ఆధారం లేదు. కానీ ఓర్చుకోమని చెప్పడం ఎప్పుడూ తిన్నవాళ్లకే సులువు.

నాయన మరునాడు ఆకు కోతకని అమ్మను తోటకు తీసుకుపోయాడు, వెంట నేనూ పోయాను. బావి దగ్గర మూడు రాళ్లు పెట్టి, జన్మలో పొయ్యి ముట్టించని మనిషి, పక్కింట్లో అడిగి తెచ్చిన ఉలవచారుకు తానే తిరగమాత వేశాడు. మిరపకాయలు బొగ్గయ్యాయి, ముగ్గురం దగ్గలేక చచ్చాం. అమ్మ మాత్రం కళ్లూ ముక్కూ కారుతుండగా, నవ్వుతూ, చట్టి అడుగు దాకా తింది. తర్వాత బావి దగ్గరే తలస్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, ఒకరి చేతులు ఒకరం వాసన చూసుకుని ఇంటికి చేరాం. తడి తల చూడగానే అవ్వకు అర్థమైపోయింది.

ఆ తర్వాత ముసురు పట్టింది. ఆకు ఆరబెట్టే వీలు లేక, ఆకలితో తలలెత్తి వెతుక్కుంటున్న పురుగులను చూడలేక, తడి ఆకే వేయమంది అవ్వ. వేశాం. పురుగులు ఉబ్బి, పచ్చబడి, ముట్టుకుంటే తెల్లటి నీరు కారి, తట్టలు తట్టలుగా చచ్చిపోయాయి. గుంట తీసి పూడ్చాం. తడి ఆకు వేస్తే రోగం వస్తుందని ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. అయినా అవ్వ పోయేదాకా ఒకటే మాట: "తిరగమాత తిన్నింది గదా, ఇంగేముండాది!" చుట్టాలొచ్చినా అదే, పెళ్లిళ్లలోనూ అదే. తన చేత్తో పెట్టిన నాయన తల వంచుకు కూర్చునేవాడే గాని, తడి ఆకు సంగతి తల్లి ముందు ఒక్కనాడూ ఎత్తలేదు. ఇన్నేళ్లయినా ఆ మౌనాన్ని నేను క్షమించలేదు.

అంతకన్నా అన్యాయం, అమ్మ కూడా ఆ మాట నమ్మేసింది. పురుగులు లేని రోజుల్లో సైతం మా అందరికీ ఇల్లంతా ఘుమఘుమలాడేలా తిరగమాత పెట్టి, తన వంతు మాత్రం ముందే వేరుగా తీసుకునేది. నీ తప్పు కాదమ్మా అని నేను అరిచేదాన్ని, బతిమాలేదాన్ని. "పోనీలేమ్మా, ఉత్తదే బాగుండాది," అనేది. నన్ను ఈ రాబర్ట్‌సన్‌పేటలో కిరాణా అంగడి ఉన్న ఇంటికిచ్చారు. మిరపకాయల మూటల మధ్య కాపురం. పంతం కొద్దీ నేను తిరగమాత పెట్టని వంటకం లేదు, మజ్జిగను కూడా వదల్లేదు.

అలాంటి నేను నిన్న గరిటె దించేసి, పిల్లకు ఉత్త పాస్తా పెట్టాను. నాకి నాకి తిని గిన్నె అప్పగించింది. అంగడి కట్టేసి వచ్చిన మా అబ్బాయి మామిడికాయ ఊరగాయ నంజుకుని తినేశాడు. రైలు దిగి వచ్చిన కోడలు, చేతిసంచి భుజాన ఉండగానే, పొయ్యి దగ్గర నిలబడి గిన్నె అడుగున మాడిన పెచ్చులు గీక్కుని తినబోయింది. నాకు నిలువునా మండింది.

"అది పాపకు చేసింది. నువ్వు కూర్చో. నీకేం తినాలనుండాదో చెప్పు, నిమిషంలో చేస్తా," అన్నాను.

ఆమె చెంచా ఆగిపోయింది. నిజంగానే ఆలోచించింది, పాపం. గోడకేసి చూసింది, నాకేసి చూసింది. "ఏమో అత్తమ్మా..." అని, "రేపు పాప డబ్బాకి చపాతీ చేద్దామా?" అంది.

మా మల్బరీ తోట ఇప్పుడు ఇళ్ల స్థలాలైంది. తల తడిగా ఉందేమని అడిగే అత్తలు లేరు. ఏ కోడలైనా ఎప్పుడైనా ఏదైనా వండుకోవచ్చు, నూనెకూ మిరపకాయలకూ కొదవలేదు. మంచిదే, కాదనను. కానీ రాత్రంతా నా మనసులో ఒకటే మాట తిరిగింది. మా అమ్మకు తినే హక్కు లేకపోయింది గాని, ఏం తినాలనుందో మాత్రం తెలుసు.